దేవుడు అలసిపోయాడా? ‘విశ్రాంతి’ అనే ఒక్క తెలుగు మాట వెనక ఉన్న హెబ్రీ మాటలు

ప్రశ్న అడిగిన సహోదరికి వందనాలు.

మీ సండే స్కూలు పిల్లవాడు అడిగినది చిన్న ప్రశ్న కాదమ్మా. ఆదికాండము 2:2లో దేవుడు ఏడవ దినమున ‘విశ్రమించెను’ అని ఉంది. యెషయా 40:28లో ఆయన ‘సొమ్మసిల్లడు అలయడు’ అని ఉంది. అలసిపోనివాడికి విశ్రాంతి ఎందుకు అన్నాడు వాడు. దానితోపాటు మీరు ఇంకో రెండు సంగతులు అడిగారు: షబ్బాత్ (పని మానే ఏడవ రోజు) అంటే ‘ఏడు’ అని ప్రసంగాల్లో చెబుతున్నది నిజమేనా, కొత్త నిబంధనలోని హెబ్రీ పత్రిక 4:9లో దేవుని ప్రజలకు నిలిచియున్న విశ్రాంతి ఇదేనా అని. నేను 20 ఏళ్లకు పైగా బైబిలు విద్యార్థులకు హెబ్రీ చెప్పాను. ఈ ప్రశ్న దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ వచ్చేది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందు పిల్లవాడికి జవాబు. ఆదికాండము 2:2లో ఉన్న హెబ్రీ క్రియ ‘షావత్’. దాని అర్థం మానుట, ఆపుట, చాలించుట. అందులో అలసట లేదు. అలసట మన తెలుగు మాటలో ఉంది. విశ్రాంతి అనే సంస్కృత పదాన్ని విడదీసి చూడండి: వి, శ్రమ. శ్రమ తీరడమే విశ్రాంతి. అంటే ఆ మాట పలికినప్పుడల్లా ముందు ఎవరో శ్రమపడ్డారని, బడలిపోయారని మనకు తెలియకుండానే ఒప్పుకుంటున్నాం. పిల్లవాడు చక్కగా తెలుగు విన్నాడు, సరిగ్గానే అర్థం చేసుకున్నాడు. మూలంలో మాత్రం ఆ శ్రమ లేదు.

షావత్ అంటే ఏమిటో నిఘంటువు చూసి నమ్మక్కర్లేదు, అది బైబిల్లో ఇంకా ఎక్కడెక్కడ వచ్చిందో చూస్తే చాలు. జలప్రళయం అయిపోయాక ఆదికాండము 8:22లో వెదకాలము, కోతకాలము, శీతోష్ణములు, రాత్రింబగళ్లు ‘ఉండక మానవు’ అని దేవుడు అనుకుంటాడు. ఆ ‘మానవు’ అన్నచోట ఉన్నది ఇదే షావత్. యెహోషువ 5:12లో ఇశ్రాయేలీయులు కనాను పంట తిన్న మరునాడు, అరణ్యంలో దేవుడు ఇచ్చిన ఆహారమైన మన్నా మానిపోయింది. అదీ షావత్. యోబు 32:1లో ముగ్గురు స్నేహితులు ఇక జవాబు చెప్పడం మానేశారు. అదీ అంతే. నెహెమ్యా యెరూషలేము గోడ కడుతుండగా శత్రువులు కబురు పంపితే, నేను దిగి మీ దగ్గరికి వస్తే పని ఎందుకు ఆగిపోవాలి అంటాడు (6:3). ఆ ‘ఆగిపోవడం’ కూడా ఇదే క్రియ. పగలూ రాత్రీ అలసిపోవు. మన్నా అలసిపోదు. గోడకట్టే పని అలసిపోదు. ఇవన్నీ ‘షావత్’ చేయగలవు అంటే ఆ క్రియకు అలసటతో పని లేదని తేలిపోయింది కదా.

ఇప్పటి హెబ్రీలోనూ ఇదే. ఇశ్రాయేలు దేశంలో కార్మికులు సమ్మె చేస్తే దాన్ని ‘ష్వితా’ అంటారు. షబ్బాత్ ఏ ధాతువు నుంచి వచ్చిందో అదీ ఆ ధాతువు నుంచే. సమ్మె చేసేవాళ్లు అలసిపోయి కాదు కదా పని ఆపేది.

కాబట్టి ఆదికాండము 2:2ను నేను క్లాసులో ఇలా చెప్పించేవాణ్ని: ‘ఏడవ దినమున దేవుడు తాను చేస్తున్న పని అంతటినీ మానెను.’ వినడానికి ఇది కొంచెం మొరటుగా ఉంటుంది, ఒప్పుకుంటాను. ‘మానెను’ అంటే మధ్యలో వదిలేసినట్టు అనిపిస్తుందని ఒక విద్యార్థి అభ్యంతరం చెప్పాడు. దానికి జవాబు ఆ వచనంలోనే ఉంది. మానడానికి ముందు ఇంకో క్రియ వస్తుంది, సంపూర్తిచేయడం. పని పూర్తయింది, అప్పుడు మానాడు. ఎంత చేసినా ఇంకా ఉందనిపించే మన పనిలాంటిది కాదు అది. చెయ్యి తీసి ‘ఇది అయింది’ అనగలిగినవాడి మానడం.

(ఇక్కడ ఒక చిన్న సంగతి. హెబ్రీ మూలంలో దేవుడు ‘ఏడవ దినమున’ పని సంపూర్తి చేసెను అని ఉంది. అయితే ఏడవ రోజు కూడా పని చేసినట్టే కదా అని ప్రాచీనులకే సందేహం వచ్చింది. పాత నిబంధనకు ప్రాచీన గ్రీకు అనువాదమైన సెప్టువజింట్, సమరయుల పంచకాండము, సిరియాక్ అనువాదం అక్కడ ‘ఆరవ దినమున’ అని రాసుకున్నాయి. మన పాత తెలుగు బైబిలు ‘యేడవదినములోగా’ అని ఆ చిక్కును నేర్పుగా దాటింది. ‘లోగా’ అనే రెండక్షరాల వెనక ఇంత కథ ఉంది.)

మీరు గమనించారో లేదో, ఆదికాండము 2లో క్రియ ఉంది గానీ ‘షబ్బాత్’ అనే నామవాచకం లేదు. ఆదికాండము మొత్తం మీద ఎక్కడా లేదు. అది మొదటిసారి వచ్చేది నిర్గమకాండము 16:23లో, మన్నా కథలో. సీనాయి కొండ ఇంకా రాలేదు, పది ఆజ్ఞలు ఇంకా ఇవ్వలేదు. జనం మన్నాను రోజూ మనిషికి ఒక ఓమెరు (అప్పటి ఒక కొలత) చొప్పున ఏరుకుంటున్నారు. మరుసటి రోజుకు దాచుకుంటే పురుగు పట్టి కంపు కొట్టింది. ఆరవ రోజున చూస్తే మనిషికి రెండేసి ఓమెర్లు వచ్చాయి. ఇదేమిటని పెద్దలు మోషే దగ్గరికి వస్తే, రేపు యెహోవాకు పరిశుద్ధమైన షబ్బాత్, మిగిలింది దాచుకోండి అన్నాడు. దాచారు, పురుగు పట్టలేదు. అయినా ఏడవ రోజు కొందరు గిన్నెలు పట్టుకుని బయటికి పోయి వెదికారు, ఏమీ దొరకలేదు. ఆ తర్వాతే ‘జనులు ఏడవ దినమున మానుకొనిరి’ అన్న మాట (16:30). ఆజ్ఞ రాతిపలక మీదికి రాకముందే ఆ జనం దాన్ని అన్నం గిన్నెలో నేర్చుకున్నారు. ఇవాళ తెచ్చుకోకపోతే రేపు ఏం తినాలి అనే భయాన్ని మానడం ముందు, పని మానడం తర్వాత.

ఇంకో చోటు చూపిస్తాను. నాకు ఈ మాట మీద ప్రేమ పుట్టింది అక్కడే. నిర్గమకాండము 5:5లో మోషే అహరోనులను ఐగుప్తు రాజు ఫరో తిడతాడు: ఈ జనం బరువులు మోయకుండా మీరు ఆపించేస్తున్నారు అని. ‘ఆపించేస్తున్నారు’ అన్నచోట ఉన్నది షావత్‌కు ప్రేరణార్థక రూపం, ‘హిష్బత్తెం’. అంటే బైబిల్లో దేవుని ప్రజల విషయంలో ఈ క్రియను మొదట వాడినవాడు ఫరో, అదీ నేరారోపణగా. ఆ పైన ఇటుకల లెక్క తగ్గించకుండా గడ్డి ఇవ్వడం మానేశాడు. వాళ్లు మొరపెట్టుకుంటే ‘మీరు సోమరులు, మీరు సోమరులు’ అన్నాడు. ఆ ‘సోమరులు’ హెబ్రీలో ‘నిర్పీం’, వదులైపోయినవాళ్లు, చేతులు జారవిడిచినవాళ్లు అని. ఇప్పుడు కీర్తన 46:10 తీయండి: ‘ఊరకుండుడి నేనే దేవుడనని తెలిసికొనుడి.’ ఆ ‘ఊరకుండుడి’ హెబ్రీలో ‘హర్పూ’. అదే ధాతువు! ఫరో దేన్ని సోమరితనం అన్నాడో, దాన్ని దేవుడు తన ప్రజలకు ఆజ్ఞగా ఇస్తున్నాడు. చేతులు జారవిడవండి అంటున్నాడు.

ఇక షబ్బాత్ అంటే ఏడు అనే మాట. ఇది తప్పు. ఏడు హెబ్రీలో ‘షేవ’. రాసేటప్పుడు షిన్, బేత్, ఆయిన్ అక్షరాలు. షబ్బాత్‌కు షిన్, బేత్, తావ్. చివరి అక్షరం వేరు, ధాతువులు వేరు. వినడానికి దగ్గరగా ఉంటాయి, పైగా షబ్బాత్ ఏడవ రోజున వస్తుంది కాబట్టి ఎవరికైనా అలా తోస్తుంది. నేను కూడా తొలిరోజుల్లో ఒక సభలో అలాగే చెప్పాను. తర్వాత ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, రెండు మాటలూ కాగితం మీద రాయించి, మూడో అక్షరం మీద వేలు పెట్టి ఊరుకున్నాడు. అప్పటినుంచి ఏ హెబ్రీ మాట అర్థమైనా ముందు అక్షరాలు రాసుకుని చూడకుండా పలకలేదు. మీరూ అదే పాటించండి. ముఖ్యంగా ఇప్పుడు వీడియోల్లో హెబ్రీ అక్షరాలను బొమ్మలుగా విడదీసి, షిన్ అంటే పళ్లు, బేత్ అంటే ఇల్లు, తావ్ అంటే గుర్తు, కాబట్టి షబ్బాత్ అంటే ఫలానా రహస్యం అని చెబుతున్నారు. అక్షరాల పేర్లకు ఆ అర్థాలు ఉన్నమాట నిజమే. కానీ ఏ భాషలోనూ మాట అర్థం అలా పుట్టదు. ‘కల’ అనే మాట అర్థం క, ల అక్షరాల ఆకారంలో వెదికితే దొరుకుతుందా?

ఇప్పుడు రెండో మాటకు వద్దాం. పది ఆజ్ఞల్లో, నిర్గమకాండము 20:11లో, దేవుడు ఏడవ దినమున ‘విశ్రమించెను’ అని మళ్లీ అదే తెలుగు మాట ఉంటుంది. కానీ హెబ్రీలో అక్కడ షావత్ లేదు. ‘నూఅహ్’ ఉంది. చదివేవాడికి తెలుగులో తేడా తెలిసే అవకాశమే లేదు.

నూఅహ్ అంటే దిగి నిలవడం, వాలడం, కుదురుకోవడం. ఓడ అరారాతు కొండల మీద నిలిచిందన్నచోట అదే క్రియ. అయిదు నెలలు నీళ్ల మీద ఊగినది ఒక గట్టు మీద ఆనుకుంది. ఆ తర్వాత నోవహు పావురాన్ని వదిలితే దానికి అరికాలు మోపడానికి చోటు దొరక్క తిరిగొచ్చింది. ‘చోటు’ అన్నచోట ఉన్నది ‘మానోఅహ్’, నూఅహ్ నుంచి పుట్టిన నామవాచకం. నోవహు పేరు హెబ్రీలో ‘నోఅహ్’, ఆ ధ్వని కూడా కథంతా వినిపిస్తూనే ఉంటుంది. ఐగుప్తు మీదికి మిడతలు వచ్చి వాలినప్పుడూ (నిర్గమ 10:14) ఇదే క్రియ, యెష్షయి మొద్దునుండి పుట్టే చిగురు మీద యెహోవా ఆత్మ నిలుచును అన్నప్పుడూ (యెషయా 11:2) ఇదే. ఆత్మ ఆయన మీద అలసట తీర్చుకోవడానికి దిగలేదు కదా.

దీనికి తెలుగులో నాకు తోచిన మాట ‘కుదురు’. మా అమ్మమ్మ ఇంట్లో అడుగు గుండ్రంగా ఉన్న మట్టికుండలు ఉండేవి. నేల మీద పెడితే దొర్లిపోతాయి. ఎండుగడ్డి చుట్టగా చుట్టి, పురికొసతో బిగించి, దాని మీద కుండను పెట్టేది. దాన్నే కుదురు అంటారు. కుండను రెండు చేతులతో దాని మీదకి దించి, కొంచెం అటూ ఇటూ తిప్పి, చేతులు వదిలేది. ఇక కదలదు. నీళ్లు కూడా ఊగడం మానేసి నిలకడగా అయ్యేవి. నూఅహ్ అంటే ఆ క్షణం. షావత్ అంటే చెయ్యి ఆపడం, నూఅహ్ అంటే కుదురు మీద కూర్చోవడం. మొదటిది లేకుండా రెండోది రాదు, కానీ రెండూ ఒకటి కావు. పని మానేసి మంచం మీద పడుకుని కూడా కుదుటపడనివాళ్లను మనం రోజూ చూస్తున్నాం.

ఈ ధాతువు నుంచే ‘మెనూహా’ వచ్చింది. నయోమి కోడళ్లను పంపేస్తూ, మీలో ఒక్కొక్కతె పెండ్లి చేసుకుని తన ఇంట ‘నెమ్మది’ పొందాలని దీవిస్తుంది (రూతు 1:9). ఆ నెమ్మది మెనూహా. పాత తెలుగు అనువాదకులు అక్కడ ‘విశ్రాంతి’ అనకుండా ‘నెమ్మది’ అనడం ఎంత బాగుందో చూడండి. విధవరాలికి కావలసింది నిద్ర కాదు, నిలవడానికి ఒక ఇల్లు. కీర్తన 23లో ‘శాంతికరమైన జలముల’ని మనం కంఠస్థం చేసినవి హెబ్రీలో ‘మెనూహోత్’ జలాలు, కుదుటపడిన నీళ్లు. ద్వితీయోపదేశకాండము 12:9లో కనాను దేశాన్నే మెనూహా అన్నారు. కీర్తన 95:11లో, అరణ్యంలో తిరుగుబాటు చేసినవాళ్లు ‘నా విశ్రాంతిలో ప్రవేశింపకూడదు’ అని దేవుడు ప్రమాణం చేసినదీ మెనూహా గురించే. ఈ చివరిది గుర్తుపెట్టుకోండి, హెబ్రీ పత్రిక దగ్గర అవసరమవుతుంది.

ద్వితీయోపదేశకాండము 5లో పది ఆజ్ఞలు రెండోసారి వస్తాయి కదా. అక్కడ సృష్టి ప్రస్తావన లేదు, ఐగుప్తు దాస్యం ఉంది. ‘నీవలె నీ దాసుడును నీ దాసియు’ నూఅహ్ పొందాలి అని ఉంటుంది (5:14). హెబ్రీలో ‘కామోఖా’, నీలాగే. ఈ ఒక్క మాట దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. ఆదివారం మనం గుడిలో కూర్చున్నప్పుడు మన ఇంట్లో అంట్లు తోముతున్న మనిషి గుర్తుకొస్తుంది.

మూడో మాట అన్నిటికంటే సాహసమైనది. నిర్గమకాండము 31:17. మన బైబిల్లో ‘యేడవదినమున పని మాని విశ్రమించెను’ అని ఉంది. ‘పని మాని’ అన్నది షావత్, ఇక్కడ అనువాదకులు దాన్ని సూటిగా పట్టుకున్నారు. ‘విశ్రమించెను’ అన్నది మాత్రం ‘వయ్యిన్నాఫష్’. ‘నెఫెష్’ అనే నామవాచకం మీరు వినే ఉంటారు, మనం ప్రాణము అని అనువదిస్తాం. దానికి గొంతు అనే అర్థం కూడా ఉంది, ఊపిరి ఆడే చోటు. దాని నుంచి వచ్చిన క్రియ ఇది: ఊపిరి పీల్చుకొనెను, ప్రాణం తేరుకొనెను. హెబ్రీ బైబిలు మొత్తంలో ఈ క్రియ వచ్చేది మూడే మూడు చోట్ల.

ఒకటి దావీదు. సమూయేలు రెండవ గ్రంథము 16. కొడుకు అబ్షాలోము తిరగబడితే యెరూషలేము వదిలి పారిపోతున్నాడు. దారి పొడవునా కొండపక్కన షిమీ నడుస్తూ శపిస్తూ రాళ్లు రువ్వుతున్నాడు, దుమ్మెత్తి పోస్తున్నాడు. రాజూ, ఆయనతో ఉన్న జనులూ బడలిపోయి ఒక చోటికి చేరి అక్కడ ఊపిరి పీల్చుకున్నారు (16:14). ఎండ, దుమ్ము, తిట్లు, కన్నకొడుకు చేసిన గాయం, ఇన్నిటి తర్వాత మనిషి ఒక చెట్టు కిందో బావి దగ్గరో కూలబడి ఛాతీ నిండా గాలి పీల్చుకుంటాడు చూడండి, ఆ ఊపిరి. తెలుగులో ‘ప్రాణం లేచొచ్చింది’ అంటాం.

రెండోది నిర్గమకాండము 23:12. ఇది ఇంకా లోతైనది, ఎందుకంటే ఒకే వచనంలో మూడు క్రియలూ ఉన్నాయి. ఏడవ రోజున నువ్వు పని మానాలి, అది షావత్. ఎందుకు? నీ ఎద్దూ నీ గాడిదా కుదుటపడాలి, అది నూఅహ్. నీ దాసి కొడుకూ పరదేశీ ఊపిరి పీల్చుకోవాలి, అది నాఫష్. మన బైబిల్లో నీకు ‘ఊరక యుండవలెను’, మిగిలినవాళ్లందరికీ కలిపి ఒకే ‘విశ్రమించునట్లు’ అయిపోయింది. మూలంలో మెట్లు ఉన్నాయి. యజమాని చెయ్యాల్సింది ఆపడం ఒక్కటే. అతను ఆపితే పశువు మెడ మీది కాడి దిగుతుంది. అతను ఆపితే సొంత ఇల్లు, సొంత పొలం లేని, అడిగే హక్కు కూడా లేని దాసి కొడుక్కి ఊపిరి అందుతుంది. కాడి దించిన ఎద్దును దగ్గరగా చూసినవాళ్లకు తెలుస్తుంది: వెంటనే పడుకోదు, మేయదు. ముందు అక్కడే నిలబడి, డొక్కలు ఎగరేస్తూ కాసేపు ఊపిరి తీస్తుంది. మెడ మీద కాడి ఒరుసుకున్న చోట చర్మం వణుకుతూ ఉంటుంది. ఆ తర్వాతే తల దించుతుంది.

మూడోది దేవుడు. దాసి కొడుక్కి వాడిన మాటనే, దుమ్ము కొట్టుకుపోయిన దావీదుకు వాడిన మాటనే దేవునికి వాడారు. ఇక్కడ మీ పిల్లవాడి ప్రశ్న మళ్లీ లేస్తుంది, లేవాలి కూడా. దీన్ని కప్పిపుచ్చి చెప్పొద్దు. అయితే ఒక తేడా గమనించండి. దావీదు వచనంలో ‘అయేఫీం’ అని ముందే ఉంది, బడలినవారై అని. యెషయా 40:28లో దేవుడు సొమ్మసిల్లడు అన్నచోట దీనికి దగ్గరి బంధువైన మాటే ఉంది. కానీ నిర్గమకాండము 31:17లో బడలిక మాట లేదు. ఊపిరి ఉంది, దాని ముందు అలసట లేదు. అలసిపోయినవాడే ఊపిరి పీల్చుకుంటాడా? బొమ్మ గీయడం పూర్తిచేసి, రెండడుగులు వెనక్కి వేసి చూసినవాడి గుండెలోంచి కూడా ఒక ఊపిరి వస్తుంది. ఆరవ రోజు చివర ‘అది చాలమంచిదిగ నుండెను’ అన్న తర్వాత వచ్చే ఊపిరి అలాంటిదని నేను నమ్ముతాను. దాసి కొడుకు ఏడవ రోజున ఊపిరి పీల్చుకున్నప్పుడు తన దేవుడు చేసిన పనే చేస్తున్నాడన్నది మాత్రం వాక్యం సూటిగా చెబుతోంది.

మానాల్సిన ‘పని’కి కూడా ఒక మాట ఉంది, ‘మెలాఖా’. శ్రమకు, ఊడిగానికి ‘అవోదా’ అని వేరే మాట ఉంది. ఐగుప్తులో చేసిన వెట్టి అవోదా. ఆదికాండము 2లో దేవుడు మానినది మెలాఖా, అంటే చేతిపనితనం, ఒకదాన్ని ఇంకొకటిగా తయారుచేయడం. అరణ్యంలో ఇశ్రాయేలీయుల ఆరాధన స్థలమైన ప్రత్యక్షగుడారం కట్టడానికి కూడా అదే మాట. మోషే ఆ పని సంపూర్తి చేసెను అన్న నిర్గమ 40:33 వాక్యం ఆదికాండము 2:2కు ప్రతిధ్వనిలా ఉంటుంది. గుడారం కొలతలు చెప్పడం ముగియగానే షబ్బాత్ ఆజ్ఞ (31వ అధ్యాయం), కట్టడం మొదలుపెట్టే ముందు మళ్లీ షబ్బాత్ ఆజ్ఞ (35వ అధ్యాయం). అందుకే యూదుల మిష్నా గ్రంథం షబ్బాత్‌నాడు చేయకూడని పనులను ‘నలభైకి ఒకటి తక్కువ’ అని 39గా లెక్కించినప్పుడు, గుడారపు పనులే కొలమానమని రబ్బీలు, అంటే యూదుల బోధకులు, వివరించారు. లేవీయకాండము 23లో పండుగలకు ‘జీవనోపాధియైన ఏ పనియు’ అని, షబ్బాత్‌కు వట్టి ‘ఏ పనియు’ అని మన బైబిల్లో తేడాగా ఉంటుంది. అది పొరపాటు కాదు. పండుగలకు మూలంలో మెలాఖాకు అవోదా కూడా జోడించి ఉంది, షబ్బాత్‌కు మెలాఖా ఒక్కటే. తెలుగువాళ్లు దాన్ని జాగ్రత్తగా కాపాడారు.

‘షబ్బాతోన్’ అనే రూపం కూడా కనిపిస్తుంది, షబ్బాత్‌ను ఇంకా గట్టిగా చెప్పడం. షబ్బాత్ షబ్బాతోన్ అని జంటగా వస్తే సంపూర్ణంగా మానడం. ప్రాయశ్చిత్త దినానికి, ఏడవ ఏట బీడు పెట్టే భూమికి కూడా అలాగే అన్నారు. న్యాయాధిపతుల గ్రంథంలో దేశము 40 సంవత్సరాలు నెమ్మది పొందెను అన్నచోట ఉన్నది మాత్రం ఇంకో మాట, ‘షాకత్’. యుద్ధం సద్దుమణగడం అది, షబ్బాత్‌తో కలపొద్దు.

ఇక హెబ్రీ పత్రిక. 4వ అధ్యాయంలో రచయిత రెండు వచనాలను పక్కపక్కన పెడతాడు. కీర్తన 95:11, ‘నా విశ్రాంతి’. ఆదికాండము 2:2, ‘దేవుడు విశ్రమించెను’. హెబ్రీలో చూస్తే మొదటిది మెనూహా, రెండోది షావత్, ధాతువులే వేరు. మరి ఆయన వాటిని ఎలా ముడిపెట్టాడు? ఆయన చదువుతున్నది గ్రీకు సెప్టువజింట్. అందులో మెనూహాను ‘కటపౌసిస్’ అని, షావత్‌ను అదే కుటుంబానికి చెందిన ‘కటపౌవో’ క్రియతో అనువదించారు. రెండు హెబ్రీ ఏర్లు గ్రీకులో ఒక్కటయ్యాయి. తెలుగులో కూడా ‘విశ్రాంతి’గా ఒక్కటయ్యాయి కాబట్టి మనకు ఆ వాదన తేలిగ్గా అందుతుంది. మనం కోల్పోయాం అనుకున్న చోటే ఒక లాభం కూడా ఉందన్నమాట.

కానీ 4:9లో ఆయన ఉన్నట్టుండి మాట మార్చాడు. అంతవరకూ కటపౌసిస్ అంటూ వచ్చి, అక్కడ మాత్రం ‘సబ్బతిస్మోస్’ అన్నాడు. కొత్త నిబంధన అంతటిలో ఆ మాట ఆ ఒక్కచోటే ఉంది. షబ్బాత్ నుంచి పుట్టిన గ్రీకు మాట, ‘షబ్బాత్ ఆచరించడం’ అని అర్థం. తెలుగులో అక్కడ కూడా ‘విశ్రాంతి’ అనే ఉండటంతో ఆ మార్పు వినపడదు. దేశంలోకి చేరడం, ఇల్లు దొరకడం, కుదురుకోవడం అనే మెనూహా వైపు నుంచి వచ్చిన వాదనను ఆయన షబ్బాత్ పండుగలోకి నడిపించాడు. కాబట్టి మీ మూడో ప్రశ్నకు జవాబు: అవును, అదే విశ్రాంతి, కానీ రెండు ధారలూ కలిసినది. తర్వాతి వచనంలో, దేవుడు తన కార్యములను ముగించి విశ్రమించినట్టే ప్రవేశించినవాడు కూడా తన కార్యములను ముగించి విశ్రమిస్తాడని చెబుతూ మళ్లీ కటపౌసిస్‌కే తిరిగి వెళ్లాడు.

శనివారమా ఆదివారమా అనే చర్చ కింద వ్యాఖ్యల్లో మొదలవుతుందని తెలుసు. ఈ పదాలు దాన్ని తేల్చవు, అందుకని నేను దానిలోకి వెళ్లను.

మీ తరగతికి ఒక సలహా. పిల్లలకు ఈ హెబ్రీ మాటలన్నీ చెప్పక్కర్లేదు. వచ్చే ఆదివారం నిర్గమకాండము 5, 16 అధ్యాయాలు పక్కపక్కన పెట్టి గట్టిగా చదివించండి. ఒకదానిలో ఇటుకల లెక్క ఏ రోజుదారోజు అప్పజెప్పాలి. ఇంకోదానిలో ఆరవ రోజున రెండు ఓమెర్లు వాటంతట అవే వచ్చి ఉంటాయి. చదివాక ఆ పిల్లవాడినే అడగండి, ఏ యజమాని దగ్గర పని మానడం కుదురుతుంది అని. వాడు ఏమన్నాడో వీలైతే ఇక్కడ రాయండి.